మీ కౌంటీ సీల్ మారుస్తున్నారా? మైకు ముందుకు వెళ్లేలోపు చేసుకోవాల్సిన పనులు

2024 మే నెలాఖరులో తెలంగాణ రాజముద్రలోంచి కాకతీయ కళాతోరణం, చార్మినార్ తీసేస్తున్నారన్న వార్త రాగానే ఎంత గొడవ జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. కేటీఆర్ చార్మినార్ దగ్గరికే వెళ్లి నిరసన తెలిపారు, జూన్ 2న దశాబ్ది వేడుకల్లో బయటికి రావాల్సిన కొత్త ముద్రను ప్రభుత్వం వాయిదా వేసింది. అమెరికాలో ఉంటున్న మనవాళ్లు కూడా దాని గురించి గంటలు గంటలు వాదించుకున్నారు. మంచిదే, అది మన రాష్ట్రం. కానీ మనం ఇల్లు కొనుక్కుని, పన్ను కట్టి, పిల్లల్ని బడికి పంపుతున్న కౌంటీ (మన జిల్లా లాంటిది) తన సీల్, అంటే అధికార ముద్ర, మారుస్తానంటే ఆ మీటింగ్ హాల్లో మనవాళ్లు ఒక్కరైనా ఉంటారా అంటే, చాలా చోట్ల ఉండరు. ఉండాలని గట్టిగా నమ్ముతున్నాను కాబట్టి, ఎలా ఉండాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక అనుమానం తీర్చేస్తాను. "మాకు ఓటు లేదు కదా, హెచ్‌1బీ మీద ఉన్నాం, మేమెలా మాట్లాడతాం?" అని చాలామంది ఆగిపోతారు. ఓటు వేరు, పబ్లిక్ కామెంట్ వేరు. కౌంటీ మీటింగ్‌లో మాట్లాడడానికి పౌరసత్వం అడగరు. కాలిఫోర్నియాలో అయితే బ్రౌన్ యాక్ట్ అని 1953 నాటి చట్టం ఉంది, దాని ప్రకారం మీటింగ్‌కి రావాలంటే పేరు రాయాల్సిందే అని షరతు పెట్టడానికి కూడా వీల్లేదు. అధికారుల విధానాలను విమర్శించే హక్కూ అందులోనే ఉంది. కాబట్టి టెన్షన్ వద్దు.

ఇక పని. అన్నిటికంటే ముందు, మారుతున్నది సీలా, లోగోనా, జెండానా అన్నది కనుక్కోండి. పైకి మూడూ ఒకేలా కనిపిస్తాయి కానీ దారులు వేరు. సీల్ అధికారిక పత్రాల మీద పడేది, చాలా చోట్ల కౌంటీ చట్టంలోనే దాని వర్ణన రాసి ఉంటుంది, మార్చాలంటే కౌంటీని పాలించే సభ, అంటే బోర్డు, ఓటు వేయాలి. లోగో అంటే బస్సుల మీద, వెబ్‌సైట్ మీద కనిపించేది, కొన్ని చోట్ల దాన్ని ఆఫీసు స్థాయిలోనే మార్చేస్తారు. చాలా జెండాల మధ్యలో సీలే ఉంటుంది కాబట్టి సీల్ మారితే జెండా కూడా మారుతుంది. బోర్డు మీటింగుల కాగితాలు చూసే క్లర్క్ ఆఫ్ ద బోర్డ్ ఆఫీసుకి ఒక్క ఈమెయిల్ పెట్టి "దీన్ని ఎవరు, ఏ తీర్మానంతో మారుస్తారు" అని అడిగితే చెబుతారు.

ఈ తేడా ఎంత ముఖ్యమో కింగ్ కౌంటీ కథ చూస్తే తెలుస్తుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో రెడ్మండ్, బెల్‌వ్యూ, సమామిష్‌లో ఉన్న మనవాళ్లందరూ ఆ కౌంటీలోనే ఉన్నారు. 1852లో ఆ కౌంటీకి పేరు పెట్టింది విలియం రూఫస్ కింగ్ అనే అలబామా నాయకుడి పేరు మీద. ఆయన బానిసల్ని పెట్టుకున్న మనిషి. 1986లో కౌంటీ కౌన్సిల్ 5-4 ఓట్లతో "ఇకనుంచి మన కౌంటీ పేరు మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ గౌరవార్థం" అని తీర్మానం చేసింది. కానీ కౌంటీ పేరు మార్చే అధికారం రాష్ట్రానిదే, కౌన్సిల్‌ది కాదు. అందుకని ఆ తీర్మానం చట్టం కావడానికి 2005 దాకా పట్టింది, దాదాపు 19 ఏళ్లు. పేరు రాష్ట్రం చేతిలో ఉంది కానీ లోగో మాత్రం కౌన్సిల్ చేతిలోనే ఉంది. అప్పటిదాకా ఆ కౌంటీ గుర్తు ఒక కిరీటం, దాన్ని తీసేసి డాక్టర్ కింగ్ ముఖచిత్రం పెట్టాలని 2006లో కౌన్సిల్ ఓటు వేసింది, 2007 మార్చిలో కొత్త లోగో వచ్చేసింది. ఎవరి చేతిలో ఏముందో తెలుసుకోకుండా తప్పు గుమ్మం ముందు నిలబడితే, మీ మాట ఎంత బాగున్నా వినేవాడికి చేసే అధికారం ఉండదు.

మీ బోర్డు ఎలా ఉంటుందో కూడా తెలుసుకోండి, అన్ని చోట్లా ఒకే పేరు ఉండదు. కాలిఫోర్నియాలో బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ అంటారు, అందులో సభ్యుడే సూపర్‌వైజర్, లాస్ ఏంజిలెస్ కౌంటీలో ఇన్నేళ్లుగా ఐదుగురే. వర్జీనియా లౌడన్‌లో తొమ్మిదిమంది. టెక్సస్‌లో కాలిన్, డెంటన్ లాంటి కౌంటీల్లో కమిషనర్స్ కోర్ట్ అంటారు, పేరులో కోర్టు ఉన్నా అది కేసులు విచారించే కోర్టు కాదు, ఒక కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు కలిసి పాలన చూసే సభ. ఐదుగురే ఉన్న చోట ముగ్గురు ఒప్పుకుంటే పని అయిపోయినట్టే, ఈ లెక్క చివరిదాకా గుర్తు పెట్టుకోండి.

తర్వాత ఎజెండా. కాలిఫోర్నియాలో మామూలు మీటింగ్‌కి కనీసం 72 గంటల ముందు, స్పెషల్ మీటింగ్‌కి 24 గంటల ముందు ఎజెండా బయట పెట్టాలి. మిగతా రాష్ట్రాలకు వాటి లెక్కలు వాటికున్నాయి. కౌంటీ సైట్లో ఈమెయిల్ అలర్ట్ పెట్టుకుంటే సరిపోతుంది. ఎజెండాలో హెడ్డింగ్ చదివి వదిలేయకండి, కింద జత చేసిన మోషన్ పేపర్ (తీర్మానం ప్రతిపాదన) తెరిచి ప్రతి మాటా చదవండి. "కొత్త డిజైన్ తయారుచేయమని అధికారులను ఆదేశిస్తున్నాం" అంటే ఒక అర్థం, "జత చేసిన డిజైన్‌ను ఆమోదిస్తున్నాం" అంటే ఇంకో అర్థం. మొదటిదైతే మీకు ఇంకా టైముంది, రెండోదైతే ఆ రోజుతో సరి. ఎజెండాలో లేని విషయం మీద మీరు మాట్లాడొచ్చు కానీ బోర్డు ఆ రోజు దాని మీద నిర్ణయం తీసుకోకూడదు. ఓటు అయిపోయాక పిటిషన్ మొదలెట్టడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఇప్పుడు అసలు ఇంటిపని, నాకు చాలా ఇష్టమైన భాగం కూడా. సీల్‌లో ఉన్న ప్రతి బొమ్మా ఎందుకుందో వెతకండి. లాస్ ఏంజిలెస్ కౌంటీ పాత సీల్ తీసుకుందాం. 1957లో కెన్నెత్ హాన్ అనే సూపర్‌వైజర్ ఆలోచన, మిలార్డ్ షీట్స్ అనే చిత్రకారుడి గీత. మధ్యలో పొమోనా, రోమన్ల పండ్లతోటల దేవత. ఎడమ పక్కన ఇంజినీర్ల త్రికోణం, కాలిపర్, అంటే నిర్మాణాలూ పరిశ్రమలూ. దాని కింద సాన్ సాల్వడోర్ అనే స్పానిష్ ఓడ, 1542లో కబ్రియో అనే నావికుడు శాన్ పెడ్రో తీరానికి వచ్చినప్పటిది. ఇంకా కిందికి వస్తే ట్యూనా చేప, అక్కడి చేపల పరిశ్రమ. కుడి పక్కన సిగ్నల్ హిల్ చమురు బావుల గోపురాలు, హాలీవుడ్ బౌల్ అనే ఆరుబయటి సంగీత వేదిక, దాని దగ్గర సినిమాకి ఒకటి టీవీకి ఒకటి రెండు నక్షత్రాలు, ఒక చిన్న శిలువ, అడుగున పర్‌లెట్ అనే ఆవు. ఆ ఆవుకి పేరుండడం నాకు చాలా ముచ్చటగా ఉంటుంది, పాడి పరిశ్రమ ఆ కౌంటీలో అంత పెద్దది ఒకప్పుడు.

ఆ జాబితా మళ్లీ ఒకసారి చదవండి. చేప ఉంది, ఆవు ఉంది, ఓడ ఉంది, రోమ్ దేవత కూడా ఉంది. ఓడ రాకముందు వేల ఏళ్లుగా ఆ నేల మీద ఉన్న టోంగ్వా లాంటి మూలవాసులు మాత్రం లేరు. సీల్ గురించి జరిగే చర్చంతా నిజానికి దీని గురించే, ఎవరిని లెక్కలోకి తీసుకున్నాం, ఎవరిని వదిలేశాం అన్న దాని గురించే. మీ కౌంటీ సీల్ పక్కన పెట్టుకుని కాగితం మీద రెండు నిలువు వరసలు గీసి, ఒకదాంట్లో ఉన్నవీ, ఇంకోదాంట్లో లేనివీ రాయండి. మీరు మాట్లాడబోయేదంతా ఆ కాగితంలోనే దొరుకుతుంది. పాత ఫైలు కావాలంటే పబ్లిక్ రికార్డ్స్ రిక్వెస్ట్ (మన ఆర్టీఐ దరఖాస్తు లాంటిది) పెట్టండి, కాలిఫోర్నియాలో 10 రోజుల్లో, వాషింగ్టన్‌లో 5 పనిదినాల్లో ఏదో ఒక జవాబు ఇవ్వాలి. "సీల్ మార్పుకు సంబంధించిన మెమోలు, ఖర్చు అంచనాలు, డిజైన్ డ్రాఫ్టులు" అని స్పష్టంగా అడగండి, "అన్నీ ఇవ్వండి" అంటే నెలలు పడుతుంది.

మతం గుర్తు ఉంటే ఏం చేయాలి? ఇది సున్నితమైనది, కొంచెం ఆగి చెప్తాను. 2004 మేలో దక్షిణ కాలిఫోర్నియా ఏసీఎల్‌యూ అనే పౌరహక్కుల సంస్థ లాస్ ఏంజిలెస్ సీల్‌లోని ఆ చిన్న శిలువ తీయకపోతే కోర్టుకి వెళ్తామని ఉత్తరం రాసింది. ఆ తర్వాతి నెలలో బోర్డు 3-2తో తీసేయడానికి మొగ్గింది. కొత్త సీల్‌లో పొమోనా స్థానంలో మూలవాసి స్త్రీ వచ్చింది, చమురు గోపురాలు పోయాయి, శాన్ గాబ్రియెల్ మిషన్ అనే పాత చర్చి భవనం వచ్చింది, దాని మీద శిలువ లేదు. ఎందుకంటే 1987 భూకంపం తర్వాత మరమ్మతుల్లో ఆ చర్చి మీద నిజంగానే శిలువ లేకుండా పోయింది. శిలువ తీసేయడం మతద్వేషం అని ఒక ఉద్యోగి కేసు వేస్తే 2007లో నైన్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీల్ కోర్టు కొట్టేసింది. 2009లో ఆ చర్చి మీద శిలువ తిరిగి నిలబెట్టారు. దాంతో 2014 జనవరిలో ఆంటనోవిచ్, నేబ్ అనే ఇద్దరు సూపర్‌వైజర్లు "భవనం మీద ఉంది కాబట్టి బొమ్మలోనూ ఉండాలి, ఇది చారిత్రక ఖచ్చితత్వం" అని తీర్మానం తెచ్చారు. మళ్లీ 3-2. మళ్లీ కేసు. 2016 ఏప్రిల్‌లో ఫెడరల్ జడ్జి క్రిస్టినా స్నైడర్ అలా చేర్చడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చారు.

అంటే శిలువ ఉంటే ఎక్కడైనా కోర్టు తీసేస్తుందా? లేదు. న్యూ మెక్సికోలో బెర్నలీయో కౌంటీ సీల్ 1985లో అప్పీల్ కోర్టులో ఓడిపోయింది. పెన్సిల్వేనియా లీహై కౌంటీ సీల్ మాత్రం 2019లో గెలిచింది, దాని మధ్యలో పెద్ద పసుపు శిలువే ఉంది, కానీ 1944 నుంచి ఉన్నది, ఏళ్లు గడిచాక అది ఆ ఊరి చరిత్రలో భాగమైపోయిందని కోర్టు చూసింది. ఎప్పటినుంచో ఉన్నదాన్ని ఉంచడం ఒకటి, తీసేసినదాన్ని ఓటు వేసి తిరిగి తేవడం మరొకటి. మీరు లాయర్ కాకపోతే మైకు దగ్గర ఈ తీర్పులన్నీ వల్లించకండి, "దీని మీద కౌంటీ కౌన్సెల్ (కౌంటీ లాయర్) రాతపూర్వక అభిప్రాయం ఇచ్చారా, కేసు పడితే ఖర్చెంత?" అని అడగండి చాలు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది వాళ్లు.

ఇంకోమాట, ఇది మనలో మనకి. "తెలుగువాళ్ల తరఫున మాట్లాడుతున్నాను" అని ఎప్పుడూ అనకండి. మన అసోసియేషన్‌లో హిందువులున్నారు, గుంటూరు నుంచో కృష్ణా నుంచో తరతరాల క్రైస్తవ కుటుంబాలున్నాయి, హైదరాబాద్ ముస్లింలున్నారు, ఏ మతమూ వద్దనేవాళ్లూ ఉన్నారు. ఆ శిలువను చూసి మనసుకి ఊరట పొందే తెలుగు అమ్మమ్మ కూడా అదే కౌంటీలో ఉండొచ్చు. నా అభిప్రాయం అడిగితే ప్రభుత్వ కాగితం మీద ఏ మతం గుర్తూ ఉండకూడదు, నాది అయినా సరే. కానీ అది నా మాటగా చెప్తాను, నా భాషవాళ్లందరి మాటగా కాదు. అలాగే "మాది కూడా ఒక బొమ్మ పెట్టండి" అని అడగడం మొదలైతే సీల్‌లో చోటు చాలదు, అందరూ కలిసి గుర్తుపట్టే కొండో నదో చెట్టో అడగడం మేలు. మూలవాసుల బొమ్మ పెట్టే ప్రతిపాదన ఉంటే ఆ తెగ ప్రతినిధులను సంప్రదించారా అని తప్పకుండా అడగండి, వాళ్ల బట్టలు, వాళ్ల బుట్ట ఎలా గీయాలో వాళ్లే చెప్పాలి.

మాట్లాడే టైము ఒక నిమిషం నుంచి మూడు నిమిషాల దాకా ఉంటుంది, ఆ రోజు జనాన్ని బట్టి సభ నడిపే చైర్ తగ్గించేయొచ్చు కూడా. అందుకని ఒక నిమిషం వెర్షన్ విడిగా రాసి పెట్టుకోండి. వరస ఇలా ఉంటే బాగుంటుంది, మీ ఇంగ్లిష్‌లో మీ మాటల్లో చెప్పుకోండి:

"నమస్కారం. నేను మూడో డిస్ట్రిక్ట్‌లో ఉంటున్నాను, మా పిల్లలు ఇక్కడి పబ్లిక్ స్కూల్లోనే చదువుతున్నారు. ఐటెం 14కి నేను అనుకూలం, కానీ రెండు మార్పులతో. ఒకటి, తుది డిజైన్ ఈ బోర్డు ముందుకి మళ్లీ రావాలి, జనం చూశాకే ఓటు వేయాలి. రెండు, పాత సీల్ ఉన్న సామాను పాడయ్యేదాకా వాడి, తర్వాతే కొత్తది కొనాలని తీర్మానంలో రాయాలి. పాత సీల్‌లో మా లోయలోని తోటలున్నాయి, వాటిలో పనిచేసినవాళ్లు లేరు. కొత్తదాంట్లో వాళ్లు కనిపించాలి. థాంక్యూ."

అంతే. మొదటి మూడు వాక్యాల్లో మీరెవరు, ఏ ఐటెం, అవునా కాదా అన్నది వచ్చేయాలి. మన దగ్గర ఉపోద్ఘాతం లేకుండా మాట్లాడితే మర్యాద కాదనిపిస్తుంది, అక్కడ మాత్రం ఉపోద్ఘాతంలోనే బెల్లు మోగుతుంది. మీ అమ్మగారో నాన్నగారో తెలుగులోనే మాట్లాడతామంటే కాలిఫోర్నియాలో చట్టం వాళ్ల పక్షాన ఉంది, అనువాదకుడి సాయంతో మాట్లాడేవాళ్లకి కనీసం రెట్టింపు టైము ఇవ్వాలి, ఒకే సమయంలో వినిపించే అనువాద పరికరాలు ఉంటే తప్ప. ముందురోజే క్లర్క్‌కి ఫోన్ చేసి చెప్పండి. మీరే అనువదించొచ్చా లేక వాళ్లు మనిషిని పెడతారా అన్నది అప్పుడే తేల్చుకోండి.

నిజం చెప్పాలంటే ఓట్లు మైకు దగ్గర మారడం తక్కువ. మీటింగ్‌కి వారం ముందు మీ సూపర్‌వైజర్ ఆఫీసులో ఈ విషయం చూసే సహాయకురాలితోనో సహాయకుడితోనో పదిహేను నిమిషాలు అడిగి కూర్చోండి. లాస్ ఏంజిలెస్‌లో రెండుసార్లూ 3-2 అన్నది మర్చిపోకండి, అటూ ఇటూ తేల్చింది ఒక్క ఓటు. ఆ ఊగిసలాడే మనిషి ఎవరో కనుక్కుని, వాళ్ల డిస్ట్రిక్ట్‌లో ఉండే స్నేహితులను వెళ్లమనండి, బయటి డిస్ట్రిక్ట్ నుంచి యాభైమంది కంటే లోపలి నుంచి ఐదుగురు ఎక్కువ పనిచేస్తారు.

డబ్బు సంగతి అందరూ అడుగుతారు కానీ సరిగ్గా అడగరు. సీల్ ఎక్కడెక్కడ ఉందో ఊహించండి: షెరిఫ్ బ్యాడ్జీలు, కార్ల తలుపులు, భవనాల రాతి ఫలకాలు, లెటర్‌హెడ్‌లు, యూనిఫామ్‌ల కుట్టు, లైబ్రరీ కార్డులు, పార్కు బోర్డులు. ఒక్కరోజులో మారిస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. కింగ్ కౌంటీలో పాత కిరీటం ఉన్న సామాను వాడి వాడి మార్చుకుంటూ వచ్చే పద్ధతి ఎంచుకున్నారు. వ్యతిరేకులు "అన్నీ ఒకేసారి మారిస్తే" అన్న అంకె చెప్తారు, సమర్థకులు "డిజైన్ ఫీజు" అంకె మాత్రమే చెప్తారు, మీరు రెండూ కాకుండా "ఐదేళ్లలో విడతలవారీగా మారిస్తే ఏటా ఎంత" అని అడగండి.

డిజైన్ ప్రదర్శనకి పెడితే పెద్ద తెర మీద చూసి మెచ్చుకోకండి. దాన్ని ప్రింట్ తీసి రూపాయి బిళ్లంత సైజుకి తగ్గించి, నలుపు తెలుపులో, చేయి చాపినంత దూరంలో పెట్టి చూడండి. బ్యాడ్జీ మీదా రబ్బరు స్టాంపు మీదా అది కనిపించేది అలాగే. లాస్ ఏంజిలెస్ 2004 డిజైన్‌లో మిషన్ భవనం ఏదో గోడౌన్‌లా ఉందని విమర్శలొచ్చాయి, కిటికీలూ గోడా తప్ప అది ఏమిటో చెప్పే గుర్తు లేకపోవడమే కారణం. రాతలో "చారిత్రక మిషన్" అని బోర్డు ఒప్పుకున్నది గీతలో ఎలా వస్తుందో ఎవరూ పట్టించుకోకపోతే ఇలాగే ఉంటుంది. అందుకే తుది బొమ్మ మళ్లీ ఓటుకి రావాలని పైన మీ ప్రసంగంలో పెట్టమన్నాను.

ఒక జాగ్రత్త: మీ కరపత్రం మీద, టీషర్టు మీద కౌంటీ సీల్ ముద్రించకండి. చాలా కౌంటీల్లో అనుమతి లేకుండా వాడడం తప్పు. వీసా మీద ఉన్నవాళ్లు అనవసరంగా అలాంటి చిక్కులో పడొద్దు.

ఓటు అయ్యాక ఇంటికి వచ్చి మర్చిపోకండి. సీల్ మార్పు ఆర్డినెన్స్ (ఇక్కడ కౌంటీ చట్టం) రూపంలో ఉంటే కాలిఫోర్నియా కౌంటీల్లో ప్రవేశపెట్టిన రోజే ఆమోదించడం మామూలుగా కుదరదు, కనీసం ఐదు రోజుల తర్వాత ఇంకో మీటింగ్‌లో మళ్లీ రావాలి. మొదటి రోజు టీవీ కెమెరాలూ జనమూ ఉంటారు, రెండో రోజు హాల్లో పెద్దగా ఎవరూ ఉండరు, ఐటెం చాలాసార్లు కన్సెంట్ క్యాలెండర్‌లో, అంటే అన్నిటినీ కలిపి ఒకే ఓటుతో ఆమోదించే జాబితాలో, చర్చ లేకుండా గడిచిపోతుంది. మీరు అడిగిన రెండు మార్పులూ ఆ పేపర్‌లో ఉన్నాయా లేదా అన్నది తేలేది అప్పుడే. ఆ పేపర్ ప్రింట్ తీసుకుని, మొదటి మోషన్ పక్కన పెట్టి వాక్యం వాక్యం పోల్చి, తేడా ఉంటే కన్సెంట్ నుంచి ఆ ఐటెం విడిగా తీయమని మీ సూపర్‌వైజర్ ఆఫీసుకి ముందురోజే ఫోన్ చేయండి, తెల్లారి మళ్లీ వెళ్లి పేరు ఇచ్చి కూర్చోండి.